డీజిల్ బండా, బ్యాటరీ బండా: నాలుగు చోట్ల ఫోర్క్‌లిఫ్ట్ లెక్క

ఫోర్క్‌లిఫ్ట్ (ముందున్న రెండు ఇనుప ఫోర్కులతో సరుకు ఎత్తి కదిపే బండి) కొనేముందు "డీజిల్ మంచిదా, ఎలక్ట్రిక్ మంచిదా" అని అడిగితే సరైన జవాబు దొరకదు. రెండున్నర టన్నుల ఎలక్ట్రిక్ బండి ఒకచోట ఏళ్ల తరబడి నిక్షేపంగా నడుస్తుంది. అదే మోడల్ ఇంకోచోట రెండో ఏడాదికే బ్యాటరీ పోయి మూలన పడుతుంది. తేడా బండిలో లేదు. రోజుకు ఎన్ని గంటల పని, నేల ఎలాంటిది, పొగ పోయే దారి ఏది, చార్జింగ్ ఎవరు చూస్తారు అన్నవాటిలో ఉంది.

ఇక్కడ చూసేవి నాలుగు రకాల చోట్లు: భీమవరం వైపు రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో కోల్డ్ స్టోర్, ఆదిలాబాద్ జిల్లాలో పత్తి జిన్నింగ్ మిల్లు, చీమకుర్తిలో గ్రానైట్ యార్డు, మేడ్చల్‌లో మూడు షిఫ్టుల గోదాము. నాలుగింటికీ ఒకే పద్ధతిలో లెక్క వేస్తే జవాబులు మాత్రం వేరువేరుగా వచ్చాయి.

ముందు కొలత

డీలర్‌ని పిలవక ముందే చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పుడు నడుస్తున్న బండిని ఒక వారం గమనించి రాసుకోవాలి. షిఫ్టు మొదట్లో ట్యాంకు నిండా పోయించాలి, షిఫ్టు చివర మళ్లీ నిండా పోయించాలి. రెండోసారి ఎన్ని లీటర్లు పట్టిందో అదే ఆ షిఫ్టు వాడకం. అవర్ మీటర్ రీడింగ్, కదిపిన ప్యాలెట్ల (సరుకు పేర్చే పలకల) సంఖ్య, వాటిలో అన్నిటికన్నా బరువైనది, ఎత్తిన గరిష్ఠ ఎత్తు, ర్యాంప్ ఉంటే దాని పొడవు, వాలు కూడా అదే పుస్తకంలో ఎక్కించాలి.

చాలామంది ఒక్క అవర్ మీటర్ చూసి "మా బండి రోజుకు ఎనిమిది గంటలు నడుస్తుంది" అంటారు. డీజిల్ బండి మీటర్ ఇంజన్ ఆన్‌లో ఉన్నంతసేపూ తిరుగుతుంది. డ్రైవర్ ఇంజన్ ఆపకుండా దిగి లారీవాళ్లతో బిల్టీ (సరుకు రసీదు) చూసుకుంటున్న సమయం కూడా అందులో కలిసిపోతుంది. ఎలక్ట్రిక్ బండి నిలబడి ఉన్నప్పుడు దాదాపు ఏమీ తినదు. కాబట్టి ఆ ఎనిమిది గంటలకు సరిపడా బ్యాటరీ కొంటే డబ్బు దండగ. అసలు పని నాలుగు గంటలే కావచ్చు.

ఆధారపడాల్సింది లీటర్ల మీద. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజన్, గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్ దాటి నిజంగా పనికి వచ్చేది అందులో నాలుగో వంతులోపే. అందుకని లీటరు డీజిల్ చేసే పనికి బ్యాటరీ నుంచి 2 నుంచి 2.5 యూనిట్లు చాలు. రోజుకు 20 లీటర్లు తాగే బండిని ఎలక్ట్రిక్‌గా మారిస్తే రోజుకు 40 నుంచి 50 యూనిట్లు కావాలి. 48 వోల్టుల 600 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉండేది 28.8 యూనిట్లు. దాన్ని 80 శాతం దాటి వాడకూడదు కనుక చేతికొచ్చేది 23. అంటే ఒక బ్యాటరీతో రోజు గడవదు. ఈ సంగతి కొన్న తర్వాత కాకుండా ముందే తెలియాలి.

గంటకు ఎంత పడుతుంది

లెక్కకు పట్టుకున్న రేట్లు ఇవి: డీజిల్ లీటరు రూ.95, కరెంటు యూనిట్ రూ.8, పైన చెప్పిన బ్యాటరీ రూ.4 లక్షలు. మీ ఊరి రేట్లు వేసి తిరగరాసుకోండి. లెక్క నడిచే తీరు మారదు.

రెండున్నర టన్నుల డీజిల్ బండి గంట పనికి 2.5 లీటర్లు తీసుకుంటుందనుకుంటే ఇంధనానికే రూ.238. అదే పనికి బ్యాటరీ నుంచి 6 యూనిట్లు పోతాయి. చార్జర్‌లో, బ్యాటరీలో పోయే నష్టం కలిపితే గోడ ప్లగ్గు నుంచి లాగేది 8.6 యూనిట్లు, అంటే రూ.69. ఇక్కడివరకు అందరూ వేస్తారు. డీలర్ ఇచ్చే కాగితంలో కూడా లెక్క ఇక్కడే ఆగుతుంది.

ఆగకూడదు. బ్యాటరీ అంటే ముందే డబ్బు కట్టేసిన ట్యాంకు. సరిగ్గా చూసుకుంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 1200 సార్లు చార్జ్ అవుతుంది. ఒక్కో చార్జికి 23 యూనిట్లు, గంటకు 6 చొప్పున 3.8 గంటల పని. మొత్తం 4600 గంటలు. నాలుగు లక్షలను దానితో భాగిస్తే గంటకు రూ.87. కరెంటు బిల్లు కన్నా బ్యాటరీ అరుగుదలే ఎక్కువ! రెండూ కలిపి రూ.156. డీజిల్‌తో పోలిస్తే గంటకు రూ.82 మిగులు.

ఇప్పుడు నీళ్లు పోయకుండా, సగం సగం చార్జ్ చేస్తూ అదే బ్యాటరీని 600 సార్లకే చంపేశారనుకుందాం. అరుగుదల గంటకు రూ.174 అవుతుంది. కరెంటుతో కలిపి రూ.243. డీజిల్‌ని దాటిపోయింది. "ఎలక్ట్రిక్ కొని మునిగిపోయాం" అనేవాళ్ల లెక్క ఎక్కువగా ఇక్కడే తప్పి ఉంటుంది.

పని తక్కువున్న చోట కూడా ఇదే ఇబ్బంది. వాడినా వాడకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఐదేళ్లకు మించి ఆశ పెట్టుకోకూడదు. రోజుకు ఒక్క గంట, ఏడాదికి 300 రోజులు నడిస్తే ఐదేళ్లలో 1500 గంటలే. అరుగుదల గంటకు రూ.267. అక్కడ డీజిలే చౌక. చార్జర్, వైరింగ్ ఖర్చు కూడా కలిపితే పై రేట్ల ప్రకారం రోజుకు సుమారు రెండు గంటల అసలు పని దగ్గర తక్కెడ సమానమవుతుంది. డీజిల్‌కి 250 గంటలకోసారి ఆయిల్, ఫిల్టర్ల ఖర్చు ఉంటుంది కనుక ఆ గీత ఇంకాస్త కిందికే జరుగుతుంది.

కరెంటు కోతలున్న చోట జనరేటర్ మీద చార్జ్ చేస్తామంటారు. డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) లీటరుకు ఇచ్చేది 3.5 యూనిట్ల చుట్టూ. యూనిట్ రూ.27 పడుతుంది, ప్లగ్గు నుంచి 8.6 యూనిట్లకు రూ.232, ఆపైన బ్యాటరీ అరుగుదల. ఇది డీజిల్ బండి కన్నా ఖరీదు. అత్యవసరానికి ఒకటి రెండు పూటలు తప్పితే ఆ దారి పెట్టుకోవద్దు.

భీమవరం వైపు కోల్డ్ స్టోర్

మైనస్ 20 డిగ్రీల గదిలో మాస్టర్ కార్టన్ల ప్యాలెట్లు. మూసిన గది, లోపల తినే సరుకు. డీజిల్ ప్రశ్నే రాదు. డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. కార్టన్‌కు పట్టిన పొగ వాసన చాలు, కొనుగోలుదారు లాట్ మొత్తం వెనక్కి పంపడానికి. డాక్ (సరుకు ఎక్కించే గట్టు) దగ్గర రీఫర్ (శీతల) కంటైనర్ లోపలికి డీజిల్ బండి తోలడం కూడా అంతే తప్పు. మూడు వైపులా మూసి ఉన్న పెట్టెలో పొగ సరుకు మధ్యే నిలిచిపోతుంది.

అసలు తేల్చాల్సింది ఏ ఎలక్ట్రిక్ బండి, ఏ బ్యాటరీ అన్నదే. చలికి లెడ్ యాసిడ్ సామర్థ్యంలో మూడో వంతు దాకా పోతుంది. చేతికి 23 యూనిట్లు అనుకున్నది 15 దగ్గర ఆగిపోవచ్చు. అందుకని లోపల తిరిగే బండికి ఒక సైజు పెద్ద బ్యాటరీ తీసుకోవాలి, లేదా షిఫ్టు మధ్యలో మార్చుకునే ఏర్పాటు ఉండాలి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం దిగిపోయిన బ్యాటరీని లోపలే వదిలేయడం. నిండుగా చార్జ్ అయిన యాసిడ్ గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) 1.28 దగ్గర ఉంటుంది, మైనస్ 60 డిగ్రీలు దాటినా గడ్డకట్టదు. 80 శాతం వాడేశాక గ్రావిటీ 1.14కి దిగుతుంది, అప్పుడది సుమారు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. గది మైనస్ 20లో ఉంది. సాయంత్రం చార్జ్ దిగిపోయిన బండిని "పొద్దున చూద్దాం" అని లోపలే వదిలి తలుపు వేస్తే సెల్ డబ్బాలు పగులుతాయి, ప్లేట్ల మీది పేస్ట్ ఊడుతుంది. చార్జర్ పెట్టి దాన్ని బతికించలేం. తలుపు దగ్గర ఒక్క రూలు రాసి పెట్టాలి: షిఫ్టు అయ్యాక ఏ బండీ లోపల ఉండకూడదు.

లిథియం, అంటే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఇక్కడ బాగా పనిచేస్తుంది కానీ ఒక షరతు ఉంది. సెల్స్ సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉండగా చార్జ్ పెడితే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. మంచి బ్యాటరీలో బీఎంఎస్ (బ్యాటరీని కాపలా కాసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఆ చార్జింగ్‌ని అడ్డుకుంటుంది. చార్జర్ పెట్టాం, ఎక్కడం లేదు అని ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది సెల్ ఉష్ణోగ్రత. హీటర్ ఉన్న ప్యాక్ అడగాలి, చార్జింగ్ పాయింట్‌ని గది బయట పెట్టాలి.

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. మైనస్ 20 నుంచి 32 డిగ్రీల డాక్ మీదికి వచ్చిన బండి నిమిషాల్లో తడిసిపోతుంది. మాస్ట్ (ఫోర్కులు పైకి జారే నిలువు చట్రం), స్విచ్‌లు, కంట్రోలర్ పెట్టె, కనెక్టర్లు అన్నిటి మీదా నీరు. వెంటనే మళ్లీ లోపలికి తోలితే అదంతా మంచు. లిమిట్ స్విచ్ అంటుకుపోతుంది, సెన్సర్ తప్పు కోడ్ చూపిస్తుంది, మెకానిక్ వచ్చేసరికి మంచు కరిగి అంతా బాగానే ఉంటుంది. ఇలా కారణం దొరకని ఫాల్టులతో నెలలు గడుస్తాయి. బండిని పదే పదే లోపలికీ బయటికీ తిప్పకుండా షిఫ్టు నడిచినంతసేపు లోపలి బండి లోపలే, డాక్ బండి డాక్ మీదే ఉండాలి. మధ్యలో చల్లని ముందుగదిలో ప్యాలెట్ చేతులు మారాలి. ఈ ఒక్క మార్పు ఏ ఖరీదైన స్పేర్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆర్డర్‌లో కోల్డ్ స్టోర్ వెర్షన్ అని స్పష్టంగా రాయించాలి. కంట్రోలర్‌కి హీటర్, చలికి చిక్కబడని హైడ్రాలిక్ ఆయిల్, గ్రీజు, నీరు కారిపోయే రంధ్రాలు అందులో భాగం.

రొయ్యల నీటిలోని ఉప్పు చైన్‌ని తినేస్తుంది. 19.05 మి.మీ. పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) ఉన్న లిఫ్ట్ చైన్‌లో 16 పిచ్‌ల పొడవు కొత్తగా 304.8 మి.మీ. ఉంటుంది. అది 314 దాటితే, అంటే 3 శాతం సాగితే, చైన్ మార్చాలి. కొలిచేటప్పుడు పుల్లీ మీద రోజూ తిరిగే భాగాన్ని కొలవాలి. మాస్ట్ చివర కట్టిన భాగం ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది.

చార్జింగ్ చోటు

ఎలక్ట్రిక్ బండి ఆయుష్షు తేలేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా.

ప్లగ్గు పెట్టాక చార్జర్ ఆన్ చేయాలి, తీసేటప్పుడు చార్జర్ ఆపాకే ప్లగ్గు లాగాలి. కరెంటు నడుస్తుండగా లాగితే ప్లగ్గు దగ్గర మెరుపు వస్తుంది. ఆ సమయానికి సెల్స్ పైన హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. సెల్ వోల్టేజ్ 2.4 చేరాక గ్యాస్ గట్టిగా వస్తుంది. 24 సెల్స్ బ్యాటరీకి చివర్లో 30 ఆంపియర్లు వెళ్తుంటే గంటకు దాదాపు 320 లీటర్ల హైడ్రోజన్. దాన్ని గాలిలో 1 శాతం లోపు ఉంచాలంటే ఒక్కో చార్జర్‌కి గంటకు 32 ఘనపు మీటర్ల గాలి మారాలి. హైడ్రోజన్ పైకి పోతుంది కనుక దారి పైనే ఉండాలి. నడుం ఎత్తులో కిటికీ పెట్టి వెంటిలేషన్ ఉందనుకోవడం పొరపాటు. రేకుల కప్పు శిఖరం దగ్గర గ్యాస్ చిక్కుకునే మూల లేకుండా చూడాలి. చార్జ్ అవుతున్నంతసేపు బ్యాటరీ మూత తెరిచి, సెల్ క్యాపులు మాత్రం మూసి ఉంచాలి.

నీళ్లు చార్జ్ అయ్యాకే పోయాలి. చార్జ్ అవుతుంటే యాసిడ్ మట్టం పెరుగుతుంది. ముందే నిండా పోస్తే అది పొర్లి ట్రే మీద పడుతుంది. పోయింది యాసిడ్, మనం మళ్లీ పోసేది నీళ్లు. వారం వారం గ్రావిటీ పలచబడుతుంది, ట్రే తుప్పు పడుతుంది, బాడీకి లీకేజీ మొదలవుతుంది. ముందే ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంతవరకు కొద్దిగా పోసి చార్జ్ పెట్టాలి.

ఎంత నీరు పడుతుందో లెక్క తెలుసుకుంటే నిఘా సులభం. 480 ఏహెచ్ వాడి, దానికి 15 శాతం ఎక్కువగా చార్జ్ పెడితే ఆ అదనపు 72 ఏహెచ్ నీటిని విడగొట్టడానికే పోతుంది. ఏహెచ్‌కి సెల్‌కి 0.336 గ్రాముల చొప్పున 24 సెల్స్‌కి దాదాపు 580 గ్రాములు. చార్జికి అర లీటరు పైన, నెలకు 25 చార్జిలంటే 14 లీటర్లు. ఇప్పుడు స్టోర్ కీపర్ దగ్గర డిస్టిల్డ్ వాటర్ బిల్లులు అడగండి. నాలుగు బండ్లున్న చోట నెలకు ఒకే ఒక్క 20 లీటర్ల క్యాను కొంటున్నారంటే మిగతాది పోయట్లేదు, లేదా బోరు నీళ్లు పోస్తున్నారు. బోరు నీటిలోని క్లోరైడ్లు, ఇనుము ప్లేట్లను తినేస్తాయి. హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే సాధనం) తీయకముందే బిల్లుల ఫైల్ అసలు సంగతి చెప్పేస్తుంది.

గ్రావిటీకి ప్రతి బ్యాటరీలో ఒక సెల్‌ని గుర్తుగా పెట్టుకుని రోజూ దాన్నే చూడాలి, నెలకోసారి అన్ని సెల్స్ చూడాలి. అన్నీ 1.27 నుంచి 1.28 చూపిస్తుంటే ఒకటి మాత్రం 1.22 దగ్గర ఆగితే ముందు ఈక్వలైజింగ్ చార్జ్ (సెల్స్ అన్నిటినీ సమం చేసే అదనపు చార్జ్) పెట్టి చూడాలి. అప్పటికీ లేవకపోతే ఆ సెల్ మార్చాలి. ఒక్క బలహీనమైన సెల్ మిగతా 23ని కూడా లాగేస్తుంది.

మే నెలలో తెలంగాణ షెడ్డులో షిఫ్టు దిగిన బ్యాటరీ యాసిడ్ ఉష్ణోగ్రత అప్పటికే ఎక్కువ ఉంటుంది. వెంటనే చార్జర్ పెడితే 50 డిగ్రీలు దాటి ప్లేట్లు పాడవుతాయి. చల్లారనిచ్చి రాత్రి 10 తర్వాత పెట్టడం మంచిది. తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్ కనెక్షన్) పరిశ్రమలకు ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 6 నుంచి 10 గంటల మధ్య యూనిట్ రేటు ఎక్కువ కనుక రాత్రి చార్జింగ్ బిల్లుకీ కలిసొస్తుంది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల చార్జ్, ఎనిమిది గంటల విశ్రాంతి అన్న పాత పద్ధతి లెడ్ యాసిడ్‌కి ఇప్పటికీ సరైనదే.

కళ్లు కడుక్కునే నీటి ఏర్పాటు, యాసిడ్ పడితే చల్లడానికి సోడా పొడి, కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా ఆ గది తెరవకూడదు. ఇది బేరం లేని మాట.

ఆదిలాబాద్ పత్తి మిల్లు

పత్తి మిల్లులో మొదటి భయం నిప్పు. డీజిల్ ఇంజన్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ గొట్టం మొదలు) బరువు మీద 400 డిగ్రీలు దాటుతుంది. గాలిలో తేలే దూది దాని మీద వాలి, మాడి, నిప్పురవ్వగా రాలుతుంది. ఆ రవ్వ బేలు కుప్పలో పడితే వెంటనే మంట కనిపించదు. బిగించి కట్టిన బేలు లోపల రోజుల తరబడి కనకనలాడి, తర్వాత గోదాములో మండుతుంది. సైలెన్సర్‌కి స్పార్క్ అరెస్టర్ (రవ్వల్ని ఆపే అమరిక) పెట్టినా మానిఫోల్డ్ వేడి తగ్గదు. అందుకని ప్రెస్ హాలు, బేలు గోదాము లోపల ఎలక్ట్రిక్ అన్నదే మా గట్టి అభిప్రాయం.

అయితే ఎలక్ట్రిక్ అనగానే నిశ్చింత కాదు. తెరిచి ఉండే కాంటాక్టర్లు, బ్రష్ మోటార్లు ఉన్న పాత బండి కూడా నిప్పురవ్వలు విసురుతుంది. ఏసీ మోటార్లు, మూసి ఉన్న కంట్రోలర్ పెట్టె ఉన్న బండి అడగాలి. మోటారు, బ్రేకుల చుట్టూ పేరుకున్న దూదిని ప్రతి షిఫ్టూ తీయాలి. ఫోర్కులతో బేలుని గుచ్చి లేపడం ఆపించి, బేల్ క్లాంప్ (బేలుని రెండు పక్కలా నొక్కి పట్టే చేతులు) పెట్టాలి. ఇనుప ఫోర్కు బేలు కట్టిన ఇనుప పట్టీకి రాసుకున్నా రవ్వ పుడుతుంది. క్లాంప్ బరువు, అది ముందుకు జరిపే దూరం వల్ల బండి సామర్థ్యం తగ్గుతుంది. కనుక క్లాంప్‌తో కలిపి కొత్త కెపాసిటీ ప్లేట్ (బండి ఎంత బరువు ఎత్తగలదో చెప్పే రేకు) డీలర్ దగ్గర రాయించి తీసుకోవాలి. 170 కిలోల బేళ్లు ఒకసారికి ఎన్ని పట్టాలో ఆ ప్లేట్ చూసి నిర్ణయించాలి.

మిల్లు బయట నల్లరేగడి నేల, లారీలకు లోడింగ్. వాన పడితే ఎలక్ట్రిక్ బండి చిన్న గట్టి టైర్లు దిగబడతాయి. అక్కడ గాలి టైర్ల డీజిల్ బండే నయం. దాని రేడియేటర్ దూదితో పూడిపోవడం ప్రతి సీజన్‌లో వచ్చే తలనొప్పి. ఫ్యాన్ గాలి వీచే దిశలోనే ఎయిర్ గన్ కొడితే దూది ఇంకా లోపలికి దిగుతుంది. ఆ గాలి వచ్చే దిశకు ఎదురుగా కొట్టాలి. ఇంజన్ చల్లారాక రోజుకు కనీసం రెండుసార్లు. ఈ బండి గోదాము గడప దాటి లోపలికి రాకుండా నేల మీద పసుపు గీత గీయించాలి.

సీజన్ ఐదు నెలలే కదా, మిగతా కాలం బ్యాటరీ సంగతేంటి? రోజుకు ఎనిమిది గంటల చొప్పున 150 రోజులు నడిస్తే ఏడాదికి 1200 గంటలు. లెక్క ప్రకారం ఎలక్ట్రిక్ గిట్టుతుంది. కానీ సీజన్ అయ్యాక బండిని మూల పెట్టి తాళం వేస్తే బ్యాటరీ తనంతట తాను దిగిపోయి, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, వచ్చే దసరాకి పనికిరాకుండా పోతుంది. నిండా చార్జ్ చేసి, కేబుల్ తీసేసి, నెలకోసారి మళ్లీ చార్జ్ పెట్టాలి. మిల్లు మూసి ఉన్నప్పుడు ఆ పని చేసే మనిషి పేరు ఆ ఏడాది సీజన్ ముగిసేలోపే తేల్చాలి. వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండని మిల్లు అయితే, చార్జర్ వాడకం వాచ్‌మన్‌కే నేర్పించడం మేలు.

చీమకుర్తి యార్డు

ఇక్కడ ఎక్కువ చెప్పాల్సింది లేదు. 10 టన్నుల బండి రోజుకు 80 లీటర్లు తాగుతుంటే దాని పనికి బ్యాటరీ నుంచి 160 నుంచి 200 యూనిట్లు కావాలి. పైన చెప్పిన సైజు బ్యాటరీలు ఏడు నుంచి తొమ్మిది. ఆరుబయట రాతి పొడి, కటింగ్ నీళ్ల బురద, గతుకులు, వాలు. డీజిలే సరి. జాగ్రత్తలు రెండు: ఎయిర్ ఫిల్టర్ ఇండికేటర్ ఎర్రబడేదాకా ఆగకుండా రోజూ దుమ్ము పాత్ర ఖాళీ చేయాలి, షిఫ్టు చివర ట్యాంకు నింపి పెట్టాలి, సగం ట్యాంకులో రాత్రి తేమ చేరి నీరవుతుంది. ఉదయం వాటర్ సెపరేటర్ తిప్పి ఆ నీరు వదలాలి.

పాలిషింగ్ షెడ్డు లోపల తిరిగే మూడు టన్నుల బండి మాట వేరు. నేల చదును, కప్పు ఉంది, మనుషులు అక్కడే పనిచేస్తారు. రోజుకు నాలుగైదు గంటల పని ఉంటే అది ఎలక్ట్రిక్ కావాలి. ర్యాంప్ ఉంటే ముందు లెక్క చూడండి. 4 టన్నుల బండి 2 టన్నుల సరుకుతో 10 శాతం వాలు మీద 30 మీటర్లు ఎక్కితే 3 మీటర్ల ఎత్తు. నష్టాలతో కలిపి ఒక ఎక్కుడుకి 0.08 యూనిట్. చిన్నదిగా కనిపిస్తుంది. రోజుకు వందసార్లు ఎక్కితే 8 యూనిట్లు, బ్యాటరీలో మూడో వంతు ర్యాంప్‌కే పోయింది. మోటారు వేడెక్కి బండి తనంతట తాను వేగం తగ్గించుకుంటే అది ఫాల్ట్ కాదు, ర్యాంప్‌కి సరిపోని బండి కొన్నారని అర్థం.

మేడ్చల్ గోదాము

రోజుకు 20 గంటలు కదిలే బండ్లకు లెడ్ యాసిడ్ అంటే ఒక్కో బండికి కనీసం రెండు బ్యాటరీలు, మార్చడానికి రోలర్ స్టాండు, అందుకు చోటు. ఎల్ఎఫ్‌పీ ఇక్కడ న్యాయం చేస్తుంది. 51.2 వోల్టుల 400 ఏహెచ్ ప్యాక్ రూ.7 లక్షలు, 3000 చార్జిలు, చార్జికి 85 శాతం వాడకం అనుకుంటే అరుగుదల గంటకు రూ.80, నష్టం తక్కువ కనుక కరెంటు రూ.53. మొత్తం రూ.133. నీళ్ల పని లేదు, గ్యాస్ లేదు, టీ విరామంలో ప్లగ్గు పెట్టొచ్చు. లెడ్ యాసిడ్‌కి ఇలా పావుగంట పావుగంట చార్జ్ పెట్టడం ఆయుష్షు కోయడమే.

ఈ టీ విరామమే కొత్త ఖర్చు తెచ్చింది. 200 ఆంపియర్ల చార్జర్ దాదాపు 12 కేవీఏ (కరెంటు లోడు కొలత) లాగుతుంది. ఆరు బండ్లు ఒకేసారి ప్లగ్గు పెడితే 72 కేవీఏ. హెచ్‌టీ మీటర్ నెలలో వచ్చిన గరిష్ఠ డిమాండ్‌ని పట్టుకుంటుంది. కేవీఏకి రూ.475 అనుకుంటే నెలకు రూ.34,200. విరామాన్ని రెండు జట్లుగా విడగొట్టి, మూడు బండ్లు ముందు, మూడు తర్వాత పెడితే అందులో సగం మిగులుతుంది. దీనికి కొత్త పరికరం అక్కర్లేదు, సూపర్‌వైజర్ టైమ్ టేబుల్ మారిస్తే చాలు.

ఎల్పీజీ బండి సంగతి కూడా ఇక్కడే అడుగుతుంటారు. పొగ కనిపించదు కానీ కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మూసిన గోదాములో అది మనిషిని పడేస్తుంది. ఇంటి వంట సిలిండర్ బిగించడం చట్టరీత్యా నేరం కూడా. ఆ దారి వద్దు.

ప్యాలెట్ లోతు విషయంలో జాగ్రత్త. 2500 కిలోల బండి అంటే బరువు కేంద్రం ఫోర్కు మొదలు నుంచి 500 మి.మీ. దగ్గర ఉన్నప్పటి మాట. 1200 మి.మీ. లోతు ప్యాలెట్‌లో కేంద్రం 600కి జరుగుతుంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కు దాకా 470 మి.మీ. అనుకుంటే సామర్థ్యం 2270 కిలోలకు పడిపోతుంది. డీజిల్‌కైనా ఎలక్ట్రిక్‌కైనా ఇదే లెక్క.

ఆర్డర్ మీద సంతకం పెట్టేముందు

పాత లెడ్ యాసిడ్ బండిలో లిథియం ప్యాక్ పెట్టిస్తామని చాలామంది వస్తున్నారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ టన్నుకు అటూఇటూగా బరువుంటుంది, ఆ బరువే వెనక కౌంటర్ వెయిట్‌లో (ముందు ఎత్తిన సరుకుకు సాటిగా నిలిచే బరువులో) భాగం. లిథియం ప్యాక్ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. డేటా ప్లేట్ మీద కనీస బ్యాటరీ బరువు రాసి ఉంటుంది. ఆ లోటుని ఇనుప దిమ్మలతో పూడ్చి, కదలకుండా బిగించి, రాతపూర్వకంగా ఇవ్వనివాళ్లకి బండి అప్పగించొద్దు. బరువు ఎత్తి బ్రేక్ కొట్టినప్పుడు వెనక చక్రాలు లేస్తాయి.

బ్యాటరీ గ్యారంటీని ఏళ్లలో కాకుండా చార్జిల సంఖ్యలో, ఎంత శాతం సామర్థ్యం మిగలాలో కూడా రాయించాలి. లెడ్ యాసిడ్‌కి ఆయుష్షు తీరాక సీసం ధరకు పాత బ్యాటరీ అమ్ముడవుతుంది, టన్ను బరువుకి వచ్చేది చిన్న మొత్తం కాదు. ఎల్ఎఫ్‌పీకి అలాంటి తిరుగు ధర దాదాపు లేదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత ప్యాక్‌ని రీసైక్లింగ్‌కి చేర్చే బాధ్యత తయారీదారుదే కనుక, దాన్ని ఎవరు, ఎవరి రవాణా ఖర్చుతో తీసుకెళ్తారో పర్చేజ్ ఆర్డర్‌లోనే ఒక వాక్యం ఉండాలి.